రెండు గుమ్మాల పెట్టె

జున్ను చెవి మళ్ళీ చిరిగింది. మొన్న ఎడమ చెవి, ఇవాళ కుడి చెవి. ప్రమీలారాణి దాన్ని పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి రక్తం తుడుస్తుంటే, అది కిక్కురుమనకుండా ఆమె మోకాలి మీద మూతి ఆనించి పడుకుంది. ఆ ఘనకార్యం చేసిన బెల్లం మాత్రం గిన్నె దగ్గర కూర్చుని ఇద్దరి వాటా క్యారెట్టు ముక్కలూ ఒక్కటే కరకరలాడిస్తోంది. దాని ఒంటి మీద గీతంటే గీత లేదు.

"తిను నాయనా, తిను. సిగ్గూ శరం ఉంటే ముద్ద దిగదు గానీ, నీకేం," అంది ప్రమీలారాణి.

అవి గినీ పిగ్గులు. గోధుమ రంగులో పెద్దగా ఉండేది బెల్లం, తెల్లగా చిన్నగా ఉండేది జున్ను. పేర్లు పెట్టింది కూతురు సాహిత్య. కొన్నప్పుడు షాపువాడు ఆడామగా జంట అన్నాడట. రెండూ మగవేనని తేలేసరికి సాహిత్య డిగ్రీ చదువుకు ఖమ్మం హాస్టల్లో చేరిపోయింది, వాటి కాపురం చక్కబెట్టే పని తల్లి నెత్తిన పడింది. ఏన్కూరులో ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళు అలాంటి జీవాన్ని ఎప్పుడూ చూసి ఎరగరు. కుందేలు పిల్లలా అని అడిగేవాళ్ళు కొందరు, ఎలుకల్ని పెంచడమేమిటని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు కొందరు.

వెనక వసారాలో పాత చెక్కమంచం తిరగేసి, పైకి లేచిన నాలుగు కాళ్ళ చుట్టూ ఇనుప జాలీ కట్టి వాటికి ఇల్లు చేసిందామె. అందులో ఎండుగడ్డి, ఒక గిన్నె, ఒక నీళ్ళ సీసా, ఒకవైపు కంత కోసిన అట్టపెట్టె ఒకటి. అన్నీ ఒక్కొక్కటే. ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకుంటే ఎంతటివాళ్ళకైనా పొత్తు కుదురుతుందని ఆమె గట్టి నమ్మకం. పిన్ని కూతుళ్ళతో తను అట్లాగే పెరిగింది మరి.

ముందు వసారాలోనూ ఆమె ఇదే పద్ధతి నడిపిస్తోంది. అక్కడ ఉన్నది ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకాయన మామగారు చెంచురామయ్య, ఇంటికి పెద్ద. రెండో ఆయన ఆమె తండ్రి రత్తయ్య. సత్తుపల్లి దగ్గర తన ఊళ్ళో ఒక్కడూ వండుకు తినలేక దసరా నుంచీ కూతురింట ఉంటున్నాడు. ఇద్దరికీ ఒకే సోఫా, ఒకే ఫ్యాను, ఒకే పేపరు. పకోడీ వేస్తే ఇద్దరి మధ్యా ఒకే పళ్ళెం. ఈ ఏర్పాటుకు మూలం చెంచురామయ్యే. రత్తయ్య సంచీతో దిగిన రోజునే, "అమ్మాయ్, బావగారు నా పక్కనే కూసోవాలె. వియ్యంకుణ్ణి ఎనక తావుల కూసోబెట్టిన్రంటే ఊరోళ్ళు నా మొకాన ఊస్తరు," అని తేల్చి చెప్పాడు. ఆ మాటకు ప్రమీలారాణి ఎంత పొంగిపోయిందో. అంత మర్యాద ఏ మామగారు చేస్తాడు అనుకుంది.

జున్నును జాలీలో దింపి, చేతులు కడుక్కుని, టీ తీసుకుని ముందుకు వెళ్ళింది. రత్తయ్య కాళ్ళు దగ్గరగా ముడుచుకుని, పేపరు కళ్ళకు ఆనించుకుని చదువుతున్నాడు. పక్కన చెంచురామయ్య, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కాలో, ఏటో చూస్తూ చెయ్యి చాచాడు. చాచి, రత్తయ్య చేతుల్లోంచి పేపరు లాక్కున్నాడు. అడగలేదు, ముఖం చూడలేదు. చదివే వాక్యం మధ్యలోనే ఉందేమో, రత్తయ్య చేతులు పేపరు పట్టుకున్నట్టే కాసేపు గాలిలో ఉండిపోయాయి. తర్వాత మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాయి.

ప్రమీలారాణి టీ గ్లాసులు విసురుగా బల్ల మీద పెడితే ఒకటి తొణికింది.

"జర చూసి పెట్టమ్మాయ్," అన్నాడు చెంచురామయ్య పేపరు వెనక నుంచి.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త జయప్రకాశ్ అసలు మాట బయటపెట్టాడు. భద్రాచలంలో తెలిసినవాళ్ళ ఆశ్రమం ఒకటుందట. పెద్దవాళ్ళకు గదులు, గోదారి గాలి, రోజూ రాములవారి దర్శనం. శుక్రవారానికి కారు మాట్లాడాడు. రత్తయ్యకు నచ్చితే అక్కడే దిగబెట్టి రావచ్చు. "నిన్న ఫ్యాను కాడ, మొన్న రిమోట్ కాడ. నాకు కల్లం చూసుకునుడా, ఈ పంచాయితీలు తెంపుడా ప్రమీలా? నాయినకు గీ వయసుల నేనేం చెప్పాలె?" అన్నాడు గొంతు తగ్గించి. అతనూ చెడ్డవాడు కాదు. విసిగిపోయాడు, అంతే.

రత్తయ్య అప్పటికే తల ఊపుతున్నాడు. "మంచిదే బాబూ. రాముడి పాదాల దగ్గర అంతకంటే ఏం కావాలి," అన్నాడు. సాయంత్రానికి సంచీ కూడా సర్దేశాడు. పంచెలు, మందుల డబ్బా, కళ్ళజోడు గుడ్డ. సంచీ మూతికి తాడు ముడి వేస్తున్న ఆ వేళ్ళు చూస్తుంటే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. తోసేసేవాడు ఇంట్లో ఉంటాడు, తప్పుకునేవాడు సంచీ సర్దుకుంటాడు. ఎక్కడి న్యాయం ఇది?

జయప్రకాశ్ పోతూ పోతూ ఇంకో తీర్పు కూడా చెప్పాడు. "ఆ ఎలకల్ల ఒకదాన్ని కూడా పంపిద్దాం. కారేపల్లిల మా దోస్తు బిడ్డ అడుగుతుంది. గా తెల్లది, దెబ్బలు తినేది, దాన్నిద్దాం."

అక్కడా అదే. ఫోనులో చెబితే సాహిత్య, "మమ్మీ, జున్నుని ఇచ్చేస్తే నేను ఆదివారం ఇంటికి రాను," అని పెట్టేసింది.

*

మర్నాడు ప్రమీలారాణి జున్నును మూత ఉన్న బుట్టలో పెట్టుకుని, స్కూటీ మీద పశువుల దవాఖానాకు వెళ్ళింది. అక్కడ డాక్టరు జెస్సికా. ఇల్లందు పిల్ల, ఈ మధ్యే వచ్చింది. ఒక గేదెకు సూది వేసి, మోచేతి దాకా చేతులు కడుక్కుంటూ వచ్చి బుట్ట మూత తీసి నవ్వింది.

"గిన్ని దినాలల్ల గేదెలు, మేకలు తప్ప వేరేది రాలే. ఇయ్యాల నాకు పండుగ. ఇవి జంటగ ఉంటయి గద, ఏదమ్మా, రెండోది?"

"అది బాగానే ఉందండి. కరిచేది అదే."

"రెండిటినీ తేవాల్సుండె." జెస్సికా జున్నును ఎత్తి పొట్ట కింద వేలు పెట్టి చూసింది, పళ్ళు చూసింది, చెవికి మందు రాసింది. "ఇవి మగవైతే గూడ కలిసుంటయి. ఉండలేవనేది ఉత్త మాట. మీ దగ్గర గిన్నెలెన్ని?"

"ఒకటే."

"దాక్కునే పెట్టె?"

"అదీ ఒకటే. కలిసి పడుకుంటే కలుస్తాయని."

"పెట్టెకు తొవ్వలెన్ని?"

ప్రమీలారాణికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇంటికి గుమ్మం ఒకటే కదా ఉండేది.

"ఒకటి లోపలికి వస్తుంటే రెండోది బయటికి ఎట్ల పోవాలె? మూలకు చిక్కినంక కరవకపోతే ఏం జేస్తది? రెండు గిన్నెలు పెట్టుండ్రి, ఆ మూలకొకటి, ఈ మూలకొకటి. రెండు పెట్టెలు, ఒక్కోదానికి రెండేసి తొవ్వలు. చోటు పెద్దగ చెయ్యుండ్రి. ఒకటి తింటుంటే ఇంకోదానికి కనపడకుండ నడుమ ఏదన్న అడ్డం పెట్టుండ్రి. ఆడది ఎవరింట్లనన్న ఉంటే దాన్ని ముట్టుకున్న చేతుల్తోని వీటిని ముట్టొద్దు, వాసనకే కొట్టుకుంటయి. కొంచెం గుర్రుమంటే భయపడి విడదీయొద్దు. నెత్తురు కారితేనే తియ్యాలె."

"ఒకదాన్ని వేరే ఇంటికి ఇచ్చేద్దామంటున్నారండి మావాళ్ళు."

"ఇస్తే ఇది ఆడ బెంగటిల్లుతది, అది ఈడ బెంగటిల్లుతది. కొట్టుకున్నా దానికి ఇదే తోడు."

ఆ మాటకు ప్రమీలారాణి గుండె కొంచెం తేలికపడింది. అయినా మనసులో ముల్లు అలాగే ఉంది. "అది సరేనండి. మరి ఆ పెద్దదాన్ని ఏం చెయ్యాలి? తప్పంతా దానిదే కదా."

జెస్సికా బుట్ట మూత పెడుతూ ఆమె వైపు చూసింది. "పెద్దది కరిచింది. దానికంటే ముందు చిన్నది ఏం జేసిందో చూసిన్రా?"

"పాపం, అదేం చేస్తుందండి?"

"ఒక పూట కూసోని చూడుండ్రి."

*

ఇంటి వెనక కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. తండా నుంచి వచ్చిన గోరి, ఇంకా కొందరు ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడిన కాయ ఒకటి మంచి కాయల్లో కలిస్తే బస్తా మొత్తానికీ చెడ్డపేరు వస్తుంది. ప్రమీలారాణి కూడా ఒక చేట నిండా కాయలు తెచ్చుకుని, జాలీ కనపడేలా వెనక వసారా అరుగు మీద కూర్చుంది. చేతులు కాయలు ఏరుతున్నాయి, కళ్ళు మంచం మీద ఉన్నాయి. పక్క అరుగు మీద గోరి ముక్కుకు గుడ్డ కట్టుకుని తుమ్ముతూ ఏరుతోంది.

బెల్లం తిని, నీళ్ళు తాగి, పడుకోవడానికి పెట్టె వైపు నడిచింది. అప్పటిదాకా జాలీ పక్కన గడ్డి నములుతున్న జున్ను ఆ గడ్డి వదిలేసి, గబగబా పోయి, పెట్టె కంతకు అడ్డంగా పడుకుంది. లోపలికి పోలేదు. కంతలోనే, అడ్డంగా. బెల్లం ఆగింది. గుర్రుమంది. నడుము ఊపింది. జున్ను కదల్లేదు. ఏమీ ఎరగనట్టు కళ్ళు అరమోడ్చింది. బెల్లం పళ్ళు పటపటలాడించింది. ఇంకో అడుగు వేసేలోగా ప్రమీలారాణి చేటను మధ్యలో అడ్డం పెట్టింది. కాయలన్నీ కింద పోయాయి.

"చూసినవా దాని ఏషాలు," అంది గోరి. "మా ఆడబిడ్డ గూడ గిట్లనే. చెయ్యెత్తదు, నోరెత్తదు. తలుపుకాడ కూసుంటది."

ప్రమీలారాణి కాయలు ఏరుకుంటూ జున్ను వైపు చూసింది. అది అప్పుడే మళ్ళీ చెవి తుడిపించుకోవడానికి సిద్ధమన్నట్టు అమాయకంగా పడుకుని ఉంది.

"దొంగముఖం దానా. ఇన్నాళ్ళూ నీకోసమా నేను ఏడ్చింది," అంది.

మర్నాటి పొద్దున ఆమె పాలు కాస్తూ వంటింటి కిటికీలోంచి ముందు వసారా చూసింది. రోజూ ఉన్న కిటికీయే, రోజూ చూడని చూపు. రత్తయ్య అందరికంటే ముందు లేచి, గేటు దగ్గర పేపరు అందుకుని, సోఫాలో కూర్చున్నాడు. తన వైపు కాదు, చెంచురామయ్య కూర్చునే వైపు, సరిగ్గా ఫ్యాను కింద. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. మడిచాడు. కళ్ళజోడు తీసి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపల చెంచురామయ్య దగ్గు వినపడింది. వెంటనే రత్తయ్య కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు, పేపరు మళ్ళీ తెరిచాడు, రెండు చేతులా బార్లా చాపి పట్టుకున్నాడు.

ప్రమీలారాణి పాల మీద పొంగు చూసుకోలేదు. పొయ్యి మీద చుయ్యిమంది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, చివరికి నవ్వే గెలిచింది. కన్నతండ్రి కాబట్టి కడిగిన ముత్యం అనుకుంది ఇన్నాళ్ళూ. పాపం నోట్లో నాలుక లేదనుకుంది. నాలుక లేకపోతేనేం, చేతులున్నాయి కదా.

బట్టలు ఉతకడానికి కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. మామగారి చొక్కాలు. ఒకప్పుడు వారానికి రెండు ఉతికేది, మిగతావన్నీ బనీన్లే. ఇప్పుడు రోజుకో చొక్కా, కాలరు చెమటకు పసుపుపచ్చగా తిరిగి ఉంటోంది. మార్చి ఎండల్లో, మిరపఘాటు నిండిన ఇంట్లో, ఆయన ఉదయం నుంచి సాయంత్రం దాకా గొంతు దాకా గుండీలు పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఎవరికోసం? తండ్రి కూడా అంతే. తన ఇంట్లో గుమ్మం మీద కాళ్ళు బార్లా చాపుకుని చుట్ట కాల్చే మనిషి, ఇక్కడ వియ్యంకుడి ముందు కాళ్ళు చాపడు. చుట్ట ముట్టించాలంటే మిరప బస్తాల వెనక్కి పోతాడు, దొంగలాగా.

మర్యాదకు చచ్చిపోతున్నారు ఇద్దరూ.

ఆ పూటే పనిలో దిగింది. ముందు జాలీ. రెండో మంచం కూడా తెచ్చి తిరగేసి మొదటిదానికి కలిపింది. గిన్నెలు రెండు, సీసాలు రెండు. నడుమ ఇటుకలు అడ్డంగా పేర్చింది. అట్టపెట్టెలు రెండు తెచ్చి, కత్తిపీటతో ఒక్కోదానికి రెండువైపులా కంతలు కోసింది. బెల్లం, జున్ను కొత్త చోటంతా వాసన చూస్తూ తిరిగాయి. ఒకటి రెండుసార్లు గుర్రుమన్నాయి. ఆమె చెయ్యి ముందుకు వెళ్ళింది గానీ, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. బెల్లం ఒక కంతలో దూరితే జున్ను రెండో కంతలోంచి బయటికి వచ్చి, తన దారిన తను పోయింది. కరవడానికి ఎవరూ మిగల్లేదు. ఇక జున్నును కారేపల్లికి పంపే మాటే లేదనుకుంది.

తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, నీ కుర్చీ వెనక వసారాలో వేస్తాను."

రత్తయ్య సంచీ వైపు చూశాడు. "రెండ్రోజుల భాగ్యానికి ఎందుకమ్మా. బావగారు ఏమనుకుంటారో."

"బావగారి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రోజూ చదివేసిన పేపరు మళ్ళీ ఎందుకు తెరుస్తున్నావో నీ సంగతి నువ్వు చూసుకో."

రత్తయ్య చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. లేచి కుర్చీ తనే ఎత్తుకున్నాడు.

చెంచురామయ్య మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. "ఏందమ్మాయ్ గిది? కూలోళ్ళు వచ్చిపోయే తావుల వియ్యంకుణ్ణి కూసోబెడతవా? నీ నాయినే గదా ఆయిన. రేపు ఆయన పొయ్యి, ఏన్కూరుల నన్ను గట్ల చూసిన్రు గిట్ల చూసిన్రు అంటే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"మామయ్యా, ఒక మాట అడుగుతాను, కోపం చేసుకోకండి. మీరు బనీను మీద కూర్చుని ఎన్నాళ్ళయింది?"

చెంచురామయ్య చెయ్యి దానంతటదే మెడ దగ్గర గుండీ మీదికి వెళ్ళింది.

"వియ్యంకుడి ముంగట బనీను మీద కూసుంటే బాగుంటదా," అన్నాడు చివరికి. గొంతులో ఇందాకటి బింకం లేదు.

"ఆయనా అంతే. మీ ముందు కాళ్ళు చాపలేక మోకాళ్ళు పట్టేశాయి. మీ మీద గౌరవం కొద్దీ ఆయన, ఆయన మీద గౌరవం కొద్దీ మీరు. ఆ ఉక్కంతా ఎక్కడికి పోతుంది? పేపరు మీదికీ, ఫ్యాను మీదికీ పోతుంది."

ఆయన ఒక్కో గుండీ విప్పి, చొక్కా తీసి కొక్కేనికి తగిలించి, ఫ్యాను కింద రెండు చేతులూ చాపి వెనక్కి వాలాడు. వీపంతా చెమటకాయలు. "హమ్మయ్య," అన్నాడు. ఆ మాట వంటింటి దాకా వినపడింది.

*

శుక్రవారం పొద్దున గేటు దగ్గర పేపర్లు రెండు పడ్డాయి. రెండోది ప్రమీలారాణి కొత్తగా వేయించింది. ఒకటి ముందు వసారాకు, ఒకటి వెనక వసారాకు. కారు పదింటికి వస్తుందని జయప్రకాశ్ చెప్పి, తయారవడానికి లోపలికి వెళ్ళాడు. రత్తయ్య సంచీ తలుపు పక్కనే ఉంది. ఎవరూ విప్పలేదు, ఎవరూ విప్పమనలేదు. ప్రమీలారాణి గడ్డి కోసుకొచ్చి వెనక వసారాలోకి వచ్చింది. తను చేయగలిగింది చేసింది. ఉండమని తను అడిగితే తండ్రి ఉండడు. కూతురింట ఉండమనాల్సింది కూతురు కాదు, ఇంటి పెద్ద. ఆయన నోటి నుంచి ఇంకా ఏ మాటా రాలేదు.

రత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బార్లా అరుగు మీదికి చాపుకుని ఉన్నాడు. వేళ్ళ మధ్య చుట్ట. దసరా నుంచీ ముడిచిపెట్టుకున్న ఆ కాళ్ళు ఇంత పొడుగున్నాయా అనిపించింది ఆమెకు.

"అమ్మా, ఇటు చూడు," అన్నాడు గొంతు తగ్గించి.

జాలీలో అట్టపెట్టెలు రెండు. ఒకటి ఖాళీ. రెండోదానిలోంచి ఒక కంతలో బెల్లం మూతి, ఇంకో కంతలో జున్ను మూతి. ఒకే పెట్టెలో ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. కల్లంలోంచి గోరి కూడా చేట పట్టుకుని వచ్చి చూసింది. "రెండిండ్లు కట్టిస్తే ఒక్కింట్లనే పన్నయి. కర్సు దండగ," అంది.

వెనక ఏదో ఈడ్చిన చప్పుడైంది. చెంచురామయ్య. బనీను మీద, భుజాన తువ్వాలు, ఒక చంకలో తన పేపరు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి, వసారా గడప దగ్గర ఆగాడు. తన ఇంట్లో తన గడప దగ్గర, పరాయివాడిలాగా ఆగాడు.

"బావగారూ, రావచ్చునా?"

రత్తయ్య గభాలున కాళ్ళు ముడవబోయాడు, చుట్ట దాచబోయాడు. ముడిచేలోగా చెంచురామయ్య బనీను కనపడింది. కాళ్ళు సగంలో ఆగాయి.

"రండి బావగారూ," అన్నాడు. కాళ్ళు మళ్ళీ చాపుకున్నాడు.

చెంచురామయ్య కుర్చీని ఆయన పక్కన కాకుండా, రెండు బారల దూరంలో, స్తంభానికి అవతల వేసుకున్నాడు. కూర్చుని తనూ కాళ్ళు చాపాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా కల్లం వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "మా పేపర్ల వానలు పడతయని రాసిండ్రు. కాయ తడుస్తదేమో," అన్నాడు చెంచురామయ్య. "మా పేపర్లోనూ అదే రాశారు బావగారూ," అన్నాడు రత్తయ్య. రెండూ ఒకే పేపరని ఎవరూ అనలేదు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ జయప్రకాశ్ వచ్చాడు. "నాయినా, కారు వస్తుంది. మామగారూ, బయలెల్లుదామా?"

రత్తయ్య చుట్ట ఆర్పి లేవబోయాడు. ప్రమీలారాణి చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

"కూసోండి బావగారూ," అన్నాడు చెంచురామయ్య, ఇటు తిరగకుండానే. "ఒరేయ్ జయప్రకాశూ, కారు వద్దని ఫోన్ కొట్టు. గీ ఎండల రాములవారిని చూసుడేంది? నవమికి పోతం. ఇద్దరం పోయి కల్యాణం చూసి, మాపటికి మళ్ళొస్తం. బస్సు టికెట్లు తియ్యి."

జయప్రకాశ్ తండ్రి వంకా మామ వంకా మార్చి మార్చి చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె గడ్డి జాలీలో పడేసి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు గానీ, మంచిదే జరిగిందని మాత్రం అర్థమైంది. అతనికీ భుజాలు తేలికపడ్డాయి. ఫోను తీశాడు.

"ఇద్దరికీ పక్కపక్కనే తియ్యనా నాయినా?"

"వద్దు వద్దు," అన్నాడు చెంచురామయ్య. "ముందొకటి, ఎనకొకటి."

స్తంభం అవతల నుంచి రత్తయ్య మెల్లగా అన్నాడు, "రెండూ కిటికీ పక్కవే చూడు బాబూ."